పుడమిని కొలిచిన ఎవరెస్టు

మొన్నటి సంక్రాంతికి మొగల్తూరులోని మా మేనత్తగారి యింటికి పోయితిని. ఆమెకు ఎనుబదియేండ్లు దాటినవి. మనుమడు చికాగోలో ఉద్యోగము చేయుచున్నాడు. పండుగనాటి యుదయమున అతడు ఫోనులో కనబడి, నాయనమ్మతో పది నిముషములు మాటాడి, తనకు నిద్రవేళ యైనదని సెలవు తీసికొనెను. ఇక్కడ తెల్లవారుచుండగా అక్కడ రాత్రి యగుట ఆమెకు క్రొత్త విషయము కాదు. కాని ఆ పూట ఆమెకు వేరొక సందేహము పుట్టినది. ఆ యూరు మనకు ఎంత దూరమని నన్నడిగినది.

నేను చూచి చెప్పితిని. హైదరాబాదు విమానాశ్రయము నుండి చికాగో విమానాశ్రయమునకు గగనమార్గమున సుమారు 13,280 కిలోమీటర్లు. ఆమె ఆ యంకెకు ఆశ్చర్యపడలేదు. మధ్య నన్ని సముద్రములును కొండలును ఉండగా ఆ దారిని ఎవరు కొలిచిరి, ఏ గొలుసుతో కొలిచిరి అని మాత్రము అడిగినది. మా మామగారు కరణీకము చేసిన దినములలో పొలము గట్లవెంట గొలుసు లాగుటను ఆమె కన్నులార చూచినది. కొలువకుండ దూరము చెప్పుట ఆమె యెరిగిన న్యాయము కాదు.

బడిలో చదువు చెప్పు మనము ఆ ప్రశ్నను ఎన్నడైనను వేసికొంటిమా? విమాన టిక్కెట్టుపై నున్న గంటలను, తెరపై కనబడు కిలోమీటర్లను దైవదత్తములవలె స్వీకరించుచున్నాము. నిజమునకు ఆ యంకెల వెనుక గొలుసు ఉన్నది, గొలుసు పట్టిన మనుష్యులున్నారు. అందొకని పేరు అయిదవ తరగతి బాలుడును ఎరుగును. అయినను ఆతడు మనకు కొండగా తెలియునే గాని మనిషిగా తెలియడు. ఆతడే జార్జి ఎవరెస్టు. యౌవనములో ఆతని ప్రాణము ఇంచుమించు పోయి మరలివచ్చినది మన తెలుగు అడవులలోనే.

జార్జి ఎవరెస్టు 1790వ సంవత్సరము జూలై 4వ తేదీన పుట్టెను. తండ్రి ట్రిస్ట్రమ్ ఎవరెస్టు గ్రీనిచ్‌లో న్యాయవాది. భూగోళముపై తూర్పు పడమరలను లెక్కించుటకు సున్నారేఖ పోవుచున్నది ఆ గ్రీనిచ్ మీదుగానే. 1884లో దేశదేశముల ప్రతినిధులు సమావేశమై దానిని అంగీకరించిరి. ఎవరెస్టు ఊలిచ్‌లోని సైనిక విద్యాలయమున గణితము నేర్చెను. 1806లో, పదునారవయేట, ఈస్టిండియా కంపెనీవారి బెంగాలు ఫిరంగిదళములో చేరి ఓడనెక్కెను. ఆనాటి ఓడలు ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి, గాలి ననుసరించి, నెలల తరబడి ప్రయాణము చేసి గాని మనదేశము చేరెడివి కావు.

1814 నుండి రెండేండ్లు ఆతడు జావా ద్వీపమును సర్వే చేసెను. తిరిగివచ్చి గంగానది పాయలలో పడవలదారి చక్కపరచు పనిలోను, కలకత్తా నుండి కాశీవైపు సంకేతస్తంభముల ద్వారా వార్త లంపు మార్గమును నిర్ణయించు పనిలోను నేర్పు చూపెను. ఆ నేర్పు చూచియే 1818లో ఆతనిని లాంబ్టన్ దొరకు ముఖ్యసహాయకునిగా నియమించిరి.

ఇచట లాంబ్టన్‌ను గూర్చి కొంత చెప్పక తప్పదు. ఎవరెస్టు కథ లాంబ్టన్ మొదలుపెట్టిన కథకు కొనసాగింపు. విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10వ తేదీన మదరాసు దగ్గర పరంగిమలై క్రింద ఉక్కు గొలుసుతో ఒక సరళరేఖను కొలువసాగెను. ఆ రేఖ పొడవు సుమారు ఏడున్నర మైళ్ళు. దానిని కొలుచుటకు 57 దినములు పట్టినది. ఎండకు గొలుసు సాగును, చలికి కుదించుకొనును. కావున కొయ్యపెట్టెలలో గొలుసును పరచి, నీడపట్టి, ఉష్ణమాపకము చూచి మరీ కొలిచిరి. ఏడు మైళ్ళకు అంత శ్రమ యెందుకని విద్యార్థులు అడుగవచ్చును. కారణ మున్నది. ఆ తరువాతి రేఖల పొడవులు గొలుసుతో కొలిచినవి కావు, ఆ యొక్క రేఖను ఆధారముగా గొని లెక్కకట్టినవి. మొదటి కొలతలో జానెడు తప్పు దొర్లినచో అది రేఖనుండి రేఖకు పెరుగుచు పోవును.

ఉపాయము మన తొమ్మిదవ తరగతి రేఖాగణితములోనిదే. ఒక త్రిభుజమునకు ఒక భుజమును, దాని రెండు కొనల కోణములును తెలిసినచో తక్కిన రెండు భుజములు లెక్కకు వచ్చును. ఆధారరేఖకు ఇరుకొనల నిలిచి దూరపు కొండమీది జెండాను చూచి కోణములు తీయవలెను. అప్పుడు ఆ కొండ దూరము తెలియును. ఆ భుజమునే ఆధారము చేసికొని మరియొక కొండకు పోవలెను. ఇట్లు కొండనుండి కొండకు త్రిభుజముల వరుస సాగును. నదులును అడవులును గొలుసున కడ్డు గాని చూపునకు అడ్డు కావు. కోణములు తీయుటకు లాంబ్టన్ వాడిన థియొడొలైటు యంత్రము అరటన్ను బరువుగలది. ఇంగ్లండునుండి వచ్చుచున్నప్పుడు దానిని ఫ్రెంచివారు సముద్రముమీద పట్టుకొని మారిషస్‌కు గొనిపోయి, అది శాస్త్రపరికరమని తెలిసికొని మర్యాదగా పంపివేసిరి. 1808లో తంజావూరు గోపురముమీదికి ఎక్కించుచుండగా త్రాడు తెగి అది గోడకు కొట్టుకొన్నది. లాంబ్టన్ ఒక గుడారములో దానితో కూర్చుండి, వంగిన చక్రమును వారముల తరబడి తానే సరిచేసెను.

ఈ త్రిభుజముల వరుస కన్యాకుమారి నుండి ఇంచుమించు 78వ తూర్పు రేఖాంశము వెంబడి ఉత్తరమునకు నడచినది. 1811లో గుత్తి దగ్గరను, 1815లో బీదరు దగ్గరను మరల ఆధారరేఖలు కొలిచి లెక్కలు సరిచూచిరి. ఎవరెస్టు వచ్చి చేరునప్పటికి లాంబ్టన్ విడిది హైదరాబాదు. అప్పటికే ఆయన అరువదియైదు దాటిన వృద్ధుడు, శాంతమూర్తి. ఎవరెస్టు ఇరువదియెనిమిదేండ్ల వాడు, కోపిష్ఠి, పట్టుదల గలవాడు.

ఆతనికి లాంబ్టన్ అప్పగించిన మొదటి పని కృష్ణా గోదావరుల నడుమనున్న నిజాము రాజ్యపు అడవులను త్రిభుజములతో కట్టుట. సంవత్సరము 1819. పని వానకాలములో జరుగవలెను. ఇది వింతగా తోచును గాని, వేసవిలో గాలి దుమ్ముతోను ఎండమావితోను కలగియుండి దూరపు గురుతు కనబడదు. వానలు కడిగిన గాలిలో ముప్పది నలువది మైళ్ళ దూరపు కొండకొమ్ము గీత గీసినట్లు నిలుచును. కంటికి మంచిదైన ఆ కాలమే ఒంటికి గిట్టని కాలము. కొండశిఖరమునకు దారి చేయుటకు చెట్లు కొట్టవలెను. తడిసిన గుడారములలో పండుకొనవలెను. ఆ యడవులలోని దోమ మలేరియాను మోయునని ఆనాడు లోకములో నెవరును ఎరుగరు. అది 1897లో మన సికందరాబాదులోనే రొనాల్డు రాసు కనిపెట్టవలసియున్నది.

నిజాము ప్రభుత్వము రక్షణకిచ్చిన సిబ్బంది మధ్యలో ఎదురు తిరిగిరి. ఎవరెస్టు వారిని కఠినముగ దండించి పని సాగించెను. తరువాత జ్వరము వచ్చినది. దానికి దండన పనిచేయలేదు. ఎవరెస్టు పడెను, వెంటనున్న వైద్యుడు, శిలాశాస్త్రజ్ఞుడు అయిన వాయిసీ పడెను. జట్టులో ఇంచుమించు అందరును పడిరి. యంత్రములు మోయువారు లేరు, రోగులను మోయువారును లేరు. హైదరాబాదునకు కబురు పోగా ఏనుగులును డోలీలును పల్లకీలును వచ్చి వారిని అడవినుండి వెలికి తీసికొనిపోయినవి. కొందరు త్రోవలోనే మరణించిరి. జెండా పట్టినవారు, చెట్లు కొట్టినవారు, గుడారము మోసిన ఖలాసీలు, వారి పేర్లు ఏ పటముమీదను లేవు. ఎవరెస్టు కథ చదువునప్పుడు ఈ చోట ఆగి ఒక్క నిముషము వారిని తలచుకొనుట మన ధర్మము.

జ్వరము వదలక 1820లో ఎవరెస్టు ఆరోగ్యము కొరకు ఆఫ్రికా దక్షిణాగ్రమున గల కేపునకు పోయెను. విశ్రాంతికి పోయిన మనిషి అచటను లెక్క విడువలేదు. 1752లో లకాయి అను ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ఆ ప్రాంతమున భూమిని కొలిచి, దక్షిణార్ధగోళపు ఆకారము ఉత్తరార్ధమువలె లేదను నిర్ణయమునకు వచ్చియుండెను. ఎవరెస్టు ఆ చోట్లన్నియు తిరిగి చూచెను. తప్పు భూమిలో లేదు, ప్రక్కనున్న కొండలలో నున్నదని గ్రహించెను. కొలతకాండ్రు నిలువును తెలిసికొనుటకు దారమునకు గుండు కట్టి వ్రేలాడదీయుదురు. పెద్దకొండ దగ్గర నున్నచో అది తన యాకర్షణచే ఆ గుండును కొంచెము ప్రక్కకు లాగును. నిలువు తప్పినచో నక్షత్రముల ఎత్తు తప్పును. అది తప్పినచో అక్షాంశము తప్పును. ఈ పాఠము ఆతనికి తరువాత హిమాలయముల యొద్ద అక్కరకు వచ్చినది.

1823 జనవరి 20వ తేదీన లాంబ్టన్ నాగపురమునకు పోవుచు వార్ధా దగ్గరి హింగన్‌ఘాటులో గుడారములోనే కన్నుమూసెను. ఇరువదియేండ్లు కొలిచిన మనిషి కొలతదారిలోనే ఒరిగెను. భారము ఎవరెస్టు భుజములపై పడినది. అప్పటికే ఆతని కాలు చేతులు వాతముతో పట్టివేసియుండెను. యంత్రము ముందు ఆసనముపై కూర్చుండబెట్టుటకు ఇద్దరు మనుష్యులు ఎత్తవలసివచ్చెడిది. ఆ స్థితిలోనే వింధ్యపర్వతములు దాటి సిరోంజ్ వరకు రేఖను నడపి, 1825లో ఇంగ్లండునకు పోయెను. అక్కడ అయిదేండ్లు ఊరక కూర్చుండలేదు. మేలైన యంత్రములను దగ్గరనుండి చేయించెను. తాను కొలిచిన భాగపు లెక్కలను 1830లో గ్రంథముగ ప్రకటించెను.

ఆ లెక్కలనుండి వచ్చిన ఫలము చూడుడు. భూమి బంతివలె సరిగా గుండ్రన కాదు. ధ్రువములయొద్ద కొంచెము అణగి, నడుమ కొంచెము ఉబ్బియున్నది. భూమధ్యరేఖయొద్ద దాని వ్యాసార్ధము సుమారు 6,377.3 కిలోమీటర్లనియు, ధ్రువమువైపు సుమారు 6,356.1 కిలోమీటర్లనియు ఎవరెస్టు తేల్చెను. నేడు కృత్రిమోపగ్రహములతో కొలిచిన కొలతలు వరుసగా 6,378.1, 6,356.8 కిలోమీటర్లు. మొదటిదానిలో ఒక కిలోమీటరునకు లోపుగా మాత్రమే భేదము. ఎడ్లబండ్లమీద, ఏనుగులమీద, జ్వరముతో వణకు చేతులతో తీసిన కొలత ఇది. మా మేనత్త మనుమని దారిని ఎవరెస్టు లెక్కతో కట్టిచూచినను, 13,280 కిలోమీటర్లలో రెండు కిలోమీటర్ల తప్పు రాదు.

1830లో ఎవరెస్టు మరల కలకత్తాలో దిగెను. ఈసారి ఆయన త్రికోణమితి సర్వేకు అధిపతియే గాక భారతదేశమునకు సర్వేయరు జనరలు కూడ. ముందు కొండల కష్టము, ఇప్పుడు మైదానపు కష్టము. గంగా యమునల నడుమ కొండలు లేవు. చెట్లు, ఊళ్ళు, పొగ, దుమ్ము. చూపు సాగుటకు ఏబది అడుగుల ఎత్తున ఇటుక గోపురములు కట్టించెను. పగలు అద్దములతో సూర్యకాంతిని త్రిప్పి గురుతు చూపించెను. రాత్రులు దీపములు వెలిగించెను. చూపుకడ్డు వచ్చిన చెట్లు నరికించెను, కొన్నిచోట్ల ఇండ్లు కూడ తీయించెను. దుర్భిణిలో తమ పెరటి స్త్రీలు కనబడుదురని గ్రామస్థులు కోపించిరి. ఊరివారి కష్టము ఆయన గ్రంథములలో పనికి వచ్చిన ఆటంకముగనే కనబడును. తన సిబ్బందిని కసరని దినము అరుదు. జనులు సర్వేవారిని కంపాసువాలాలని పిలుచుట ఆయనకు సుతరాము కిట్టెడిది కాదు. మహాకార్యములు చేసినవారందరు మంచి స్వభావము గలవారని పిల్లలకు చెప్పనక్కరలేదు. చేసిన పని పెద్దదని చెప్పిన చాలును.

అయినను గుణమును గుర్తించు కన్ను ఆయనకు గలదు. 1831లో కలకత్తా హిందూ కళాశాలనుండి రాధానాథ్ సిక్దార్ అను యువకుని లెక్కలు కట్టుటకు తీసికొనెను. ఆ కుఱ్ఱవాడు వేరొక ఉద్యోగమునకు పోదలచినప్పుడు ఎవరెస్టు అడ్డుపడి నిలుపుకొనెను. అట్లే ఆర్కాటువాడగు సయ్యద్ మీర్ మొహసీన్ హుస్సేను పరికరములు బాగుచేయుటలో అసమానుడు. లండనులో చేసిన యంత్రములను ఇక్కడ విప్పి సవరించి క్రొత్తవానికన్న మిన్నగా నిలుపుటకు ఆతడు చాలినాడు. ఎవరెస్టు ఆతనిని పై పదవికి ఎక్కించుటకు పోరాడెను.

1834, 35 సంవత్సరములలో డెహ్రాడూనులో ఉత్తరపు ఆధారరేఖను కొలిచిరి. గొలుసునకు బదులు ఈసారి రెండు లోహముల కడ్డీలు వాడిరి. ఒక లోహము సాగుటను రెండవ లోహము సరిదిద్దునట్లు వానిని కూర్చిరి. అచటనుండి త్రిభుజములమీదుగా దక్షిణమునకు లెక్కకట్టి సిరోంజ్ రేఖ ఎంతయుండవలెనో చూచి, 1837లో ఆ రేఖను నేలమీద మరల కొలిచిరి. నాలుగువందల మైళ్ళకు పైబడిన దూరము దాటివచ్చిన లెక్కకును, నేలమీది కొలతకును భేదము కొన్ని అంగుళములు మాత్రమే. 1841లో బీదరు రేఖను తిరిగి కొలిచి పని ముగించిరి. కన్యాకుమారి నుండి హిమాలయ పాదము వరకు 21 డిగ్రీలకు పైగా, సుమారు 2,400 కిలోమీటర్లు, ఒక్క రేఖ. ఆరంభమైన నాటినుండి నలువదియేండ్లు గడచినవి.

కేపులో నేర్చిన పాఠమిక్కడ ఫలించినది. రేఖకు ఉత్తరభాగమున కల్యాణపురము, కలియానా అను రెండు చోట్ల నడుమ, నక్షత్రములనుబట్టి తీసిన అంతరమునకును త్రిభుజములనుబట్టి తీసిన అంతరమునకును 5.236 వికలల తేడా వచ్చెను. వికల యనగా డిగ్రీలో 3,600వ భాగము. హిమాలయములు గుండును లాగుటచే ఈ తేడా రావలెను. కలకత్తాలోని ప్రాట్ అను మతాచార్యుడు ఆ పర్వతముల బరువును లెక్కించి 1855లో చూచినప్పుడు, తేడా 15 వికలలకు పైగా ఉండవలసివచ్చెను. అనగా కొండలు కంటికి కనబడునంత బరువుగా లాగుటలేదు. పర్వతముల క్రింద తేలికయైన రాతివ్రేళ్ళున్నవనియు, అవి నీటిలో కఱ్ఱవలె తేలియున్నవనియు నేటి భూశాస్త్రము చెప్పు సిద్ధాంతము ఈ అయిదు వికలలనుండియే పుట్టినది. ఇంత చిన్న తేడాను పొరపాటని త్రోసివేయక పట్టుకొన్నందుకు ఫలితమది.

1843లో ఎవరెస్టు పదవి విరమించి ఇంగ్లండు చేరెను. 1846లో వివాహమాడెను. పిల్లలు కలిగిరి. ఆయన స్థానమునకు వచ్చిన ఆండ్రూ వా కాలములో హిమాలయ శిఖరములను దూరమునుండి కొలిచిరి. పదునైదవ శిఖరమని మాత్రమే పేరున్న ఒక కొండ తక్కినవానికన్న ఎత్తైనదని 1852లో లెక్క తేలినది. ఆ లెక్కకు ముఖ్యుడు రాధానాథ్ సిక్దార్. ఎత్తు 29,002 అడుగులు. 2020లో నేపాలు, చైనా దేశములు కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. ఆనాటి లెక్కకు దీనికి భేదము తొమ్మిది మీటర్లు.

1856లో వా ఆ శిఖరమునకు తన గురువు పేరు పెట్టదలచెను. ఎవరెస్టునకు అది నచ్చలేదు. స్థానికమైన పేరే ఉంచవలెనని ఆయన పాటించిన నియమము. పైగా తన పేరు ఈ దేశపు లిపులలో వ్రాయుటకును, ఈ దేశపు జనులు పలుకుటకును వీలుకానిదని 1857లో లండనులోని భూగోళ సంఘములో ఆక్షేపించెను. 1865లో ఆ సంఘము ఆ పేరునే స్థిరపరచెను. మరుసటియేట, 1866 డిసెంబరు 1వ తేదీన, ఆయన లండనులో మరణించెను. సముద్రతీరమున గల హోవ్ పట్టణములో సమాధి చేసిరి. తన పేరు మోయుచున్న కొండను ఆయన కన్నులతో చూచినట్లు దాఖలా లేదు. ఆయన భయమును సగము నిజమైనది. తెలుగులో ఆ పేరును సులభముగనే వ్రాయుచున్నాము. కాని ఆయన కుటుంబమువారు ఈవ్‌రెస్టు అని పలికెడివారు. నేడు ప్రపంచమంతయు, ఆయన స్వదేశముతో సహా, వేరుగా పలుకుచున్నది.

న్యాయమేమన, ఆ కొండకు లాంబ్టన్ పేరు పెట్టవలసినదని కొందరు, సిక్దార్ పేరు పెట్టవలసినదని కొందరు వాదింతురు. నేపాలీలు సాగర్‌మాథా యనుచున్నారు. టిబెట్టువారు చోమోలుంగ్మా యని తరతరములుగ పిలుచుచున్నారు. 2004లో మన తపాలాశాఖ సిక్దార్ బొమ్మతో బిళ్ళ వేసినది. ఏ పేరైనను ఒక్కనిదే యగును. కొలత ఒక్కనిది కాదు. ఎవరెస్టు గొప్పతనము కొండలో లేదు, ఆ కొండను కొలుచుటకు వీలైన నేలరేఖలో నున్నది. ఆ రేఖ ఎవరిదని అడిగినచో గోదావరి అడవులలో జ్వరమునకు బలియైన ఖలాసీనుండి లెక్క చెప్పవలసియుండును.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. బల్లపరుపు పటముమీద హైదరాబాదునుండి చికాగోకు గీత గీసినచో అది పడమరగా అరేబియా, ఉత్తరాఫ్రికా, అట్లాంటికు సముద్రముల మీదుగా పోవును. కాని గోళముమీద ఒక దారమును బిగలాగి పట్టిచూడుడు. దారము హైదరాబాదునుండి ఇంచుమించు నేరుగ ఉత్తరమునకు ఎక్కి, ఉత్తరధ్రువమునకు 11 డిగ్రీల దాపునకు పోయి, అవతలి ప్రక్కకు దిగును. గోళముమీద దగ్గరిదారి ఆ దారమే. దానిని మహావృత్త మందురు. రెండు విమానాశ్రయముల అక్షాంశ రేఖాంశములు తెలిసినచో చాలును, నడుమ గొలుసు లాగనక్కరలేదు. భూమి పరిమాణము తెలిసియుండవలెను. ఆ పరిమాణమునకే లాంబ్టనును ఎవరెస్టును గొలుసు పట్టినది. మనదేశపు పటములు ఎవరెస్టు లెక్కించిన భూమి ఆకారముమీదనే గీయబడుచు వచ్చినవి. 2005 పటవిధానముతోనే ఉపగ్రహయుగపు క్రొత్త ఆకారము ప్రజల పటములకు వచ్చినది.

2021 జనవరిలో హైదరాబాదునుండి చికాగోకు ఎక్కడను దిగకుండ విమానము నడచినప్పుడు ఆ ప్రయాణమునకు పట్టినది పదునారు గంటలకు పైమాట. శీతకాలములో చికాగో గడియారము మనకన్న పదునొకండున్నర గంటలు వెనుక. కావున మధ్యాహ్నము బయలుదేరిన వాడు అదే దినము సాయంకాలమున దిగును. గడియారము చూచిన అయిదు గంటల ప్రయాణము, ఒళ్ళు చూచిన పదునారు గంటల ప్రయాణము. ఎవరెస్టు ఓడకు పట్టిన నెలలు మన విమానమునకు గంటలైనవి. దూరము మాత్రము తరుగలేదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. మీ బడిలో గోళ మున్నచో దుమ్ము తుడిచి, ఒక దారము తీసికొని, పిల్లలచేత వారి బంధువు లున్న ఊళ్ళకు కొలిపింపుడు. ఎవరెస్టు తమ్మునికూతురు మేరీ ఎవరెస్టు బూల్ పిల్లలకు గణితము బోధించు పద్ధతులను గూర్చి పుస్తకములు వ్రాసిన యుత్తమోపాధ్యాయిని. దారము, గుడ్డ, కాగితము వంటి చేతికందు వస్తువులతో లెక్క నేర్పవలెననునది ఆమె మతము. ఆమె భర్త జార్జి బూల్ కనిపెట్టిన తర్కగణితము మీదనే నేటి కంప్యూటర్లన్నియు నడచుచున్నవి. మన చేతి ఫోను 13,280 అని చెప్పుటలో ఆ కుటుంబమునకు ఇరువైపుల పాలు గలదు.

ఇదంతయు నేను మా మేనత్తకు చెప్పితిని. ఆమె చాలసేపు విని, ఆ జ్వరముతో చచ్చినవారికి కంపెనీవారు ఏమైనా ఇచ్చిరా యని అడిగినది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయినది. సాయంకాలము పేరుపాలెము ఒడ్డుకు పోయి నిలిచితిమి. మనుమడు ఆ సముద్రమున కవతల నున్నాడని ఆమె ఇన్నాళ్ళు తూర్పుదిక్కునకు చూచెడిది. ఆ దినమున ఆమె సముద్రమునకు వీపు త్రిప్పి, కొబ్బరితోటలమీదుగా ఉత్తరమునకు చూచినది.